ఎడమచేత్తో వేసిన తాళం

ఆ సోమవారం పొద్దున లెక్కలాయన చేతిలో ఉన్నవి ఇవీ. వీధి మలుపులో రెండు షట్టర్ల రంగుల షాపు. వెనక గోడౌనులో కప్పు దాకా పేర్చిన, ఇంకా రంగు కలపని తెల్ల బేసు డబ్బాలు. గాజు గదిలో కొత్త కంప్యూటరు. దాని తెరకి అంటించి వచ్చిన పల్చటి ప్లాస్టిక్ పొర ఇంకా ఒలవలేదు. పని నేర్చుకుంటున్న బావమరిది, అంటే ఇంకా జీతం మాట ఎత్తని మనిషి. ఆసుపత్రి కొత్త భవనానికి రంగులు పంపే ఆర్డరు, అందులో సగం గోడలు అయిపోయాయి. ఇక ఆఖరుగా, ఆ కంప్యూటర్లో ఒక ఎక్సెల్ ఫైలు. ఈ షాపులో ఇన్నాళ్లూ కలిపిన ప్రతి రంగుకీ ఏ బేసులో ఏ స్టెయినరు రంగు ఎంత పోయాలో అందులో వరసగా ఉంది.

లేనిదల్లా ఆ రంగులు కలిపిన మనిషి. ఆవిణ్ణి పోయిన నెల తనే పంపించేశాడు. దాన్ని ఆయన నష్టం కింద రాసుకోలేదు. ఫైలు ఉంది, మిషను ఉంది, బావమరిది ఉన్నాడు. ఇక మనిషెందుకు?

లెక్కలాయన అన్నది పెయింటర్లు పెట్టిన పేరు. తుమ్మినా ఆ తుమ్ము ఎవరి ఖాతాలో రాయాలా అని చూస్తాడని వాళ్ల ఎకసెక్కం. ఆ పేరు ఆయనకి తెలుసు. తిట్టు కాదు గనక ఊరుకున్నాడు.

షట్టరు సగం ఎత్తాడో లేదో ఆసుపత్రి కాంట్రాక్టరు ఫోను చేశాడు.

"పై అంతస్తు వరండా ఎత్తుకుంటున్నాం. కింద వేసిన రంగే. వారాంతానికి పెద్దవాళ్లు చూడ్డానికొస్తున్నారు. ఆలోపు రెండు కోట్లు పడి ఆరిపోవాలి."

"ఆరడం నా చేతిలో లేదు గానీ, డబ్బాలు రేపు పొద్దుటికి మీ గేటు దగ్గరుంటాయి."

"రంగు మాత్రం అదే రావాలి. మెట్ల దగ్గర పై గోడ, కింద గోడ కలుస్తాయి. కొంచెం తేడా వచ్చినా మొత్తం గీకించి వేరే షాపు నుంచి తెప్పిస్తా. వచ్చే ఏడాది కట్టే రెండో భవనం కూడా వాళ్లకే పోతుంది. ముందే చెప్తున్నా."

"మీరు చెప్పక్కర్లేదు. అందుకేగా ఫైలు పెట్టుకుంది."

గాజు గదిలోకి వెళ్లేసరికి బావమరిది తెర ముందు మెడ గోక్కుంటున్నాడు.

"పాస్‌వర్డ్ అడుగుతోంది బావా."

"బండి నంబరు కొట్టు."

"కొట్టాను."

"చూసి కొట్టు."

బావమరిది తల తిప్పి, బయట ఆపిన డెలివరీ బండి వెనకభాగం చూస్తూ, ఒక్కో అక్షరం, ఒక్కో అంకె పైకి చదువుతూ కొట్టాడు. తెర మీద చిన్న గడి వచ్చి తప్పు అంది. లెక్కలాయన అతన్ని లేపి తనే కూర్చున్నాడు. చూపుడువేలితో, పావురం గింజలు ఏరినట్టు కొట్టాడు. తప్పు. పెద్దక్షరాలతో కొట్టాడు, చిన్నక్షరాలతో కొట్టాడు, మధ్యలో ఖాళీ వదిలి కొట్టాడు. తప్పు, తప్పు, తప్పు.

ఆ తాళం ఆయన పెట్టించిందే. పెయింటర్లు కౌంటరు మీదకి వంగి ఫైలు ఫోటోలు తీసుకుంటున్నారని అనుమానమొచ్చి, రంగులు కలిపే ఆవిడ పక్కన నిలబడి, "బండి నంబరు పెట్టు, ఎవరూ మర్చిపోరు" అన్నాడు. ఆవిడ అప్పటికప్పుడే పెట్టింది. ఆ తర్వాత ఆయన ఆ ఫైలు తెరిచిన పాపాన పోలేదు. రోజూ ఆవిడే తెరిచేది. ఆవిడ పోయాక షేడ్ కార్డులో ఉన్న రంగులే అమ్ముడుపోయాయి గనక దాంతో పని పడలేదు.

ఆవిడకి ఫోను చేశాడు. షేడ్ కార్డులో లేని రంగు అడిగినా కలిపి ఇస్తుందని పెయింటర్లు ఆవిణ్ణి షేడక్క అనేవాళ్లు. ఆయన ఏ పేరుతోనూ పిలిచేవాడు కాదు. 'ఇదిగో' అంటే పలికేది.

"ఫైలు తాళం ఏంటి?"

"బండి నంబరే సార్. మీరు చెప్పిందే కదా."

"అది కొడితే తెరుచుకోవట్లేదు."

"నేనేం మార్చలేదు సార్."

"నువ్వు మార్చకపోతే దానంతటదే మారిందా?"

అవతల కుక్కరు మూత తీసిన చప్పుడు లాంటిదేదో వినిపించింది.

"నేనొచ్చి తెరిచి ఇవ్వనా సార్?"

"నువ్వు రానక్కర్లేదు. నోటితో చెప్పేది చెప్పు చాలు."

"చెప్పాను కదా సార్."

లెక్కలాయన ఫోను పెట్టేసి కూడికలు వేశాడు. తాళం తను చెప్పిందే. ఫైలు తన షాపుదే. రోజూ తెరిచింది ఆవిడ ఒక్కతే. తెరుచుకోవట్లేదు అంటే ఆవిడ మార్చింది. ఇందులో మళ్లీ సరిచూసుకోవాల్సింది ఏమీ కనిపించలేదు ఆయనకి.

షాపు పక్క టీకొట్టు దగ్గర పెయింటర్లు పనికి పోయే ముందు పోగవుతారు. రోలర్లు, కర్రలు గోడకి ఆనించి, రంగు మరకల చొక్కాలతో బల్లల మీద కూర్చుని ఎవరి మేస్త్రీని వాళ్లు తిట్టుకుంటారు. లెక్కలాయన గ్లాసు అందుకుంటూ మామూలుగా అన్నట్టే అన్నాడు.

"మీ షేడక్క చేసిన పని చూశారా? పోతూ పోతూ మన ఫైలుకి తాళం మార్చి పోయింది."

ఆసుపత్రి పని చేయిస్తున్న పెద్ద మేస్త్రీ గ్లాసు దించాడు. "షేడక్కా? డబ్బా మూత సరిగ్గా పడిందో లేదో రెండుసార్లు చూడందే ఇంటికెళ్లని మనిషి సార్ ఆవిడ."

"అదే చెప్తున్నా. గట్టిగానే మూసింది."

బల్లల మీద నవ్వులు లేచాయి. పెద్ద మేస్త్రీ నవ్వలేదు గానీ, మిగతావాళ్ల నవ్వు లెక్కలాయనకి సరిపోయింది. పదిమంది నవ్వారంటే పదిమంది ఒప్పుకున్నట్టే.

ఆ మధ్యాహ్నమే ఎదురు షాపాయన ఫోను చేశాడు. రోడ్డుకి అటువైపు, సరిగ్గా ఎదురుగా, ఆయనదీ రంగుల షాపే. ఇద్దరూ రోజూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ షట్టర్లు ఎత్తుతారు, పండక్కో చావుకో తప్ప రోడ్డు దాటరు.

"మీ దగ్గర కలిపిన ఆవిడ నా దగ్గరికి పని కోసం వచ్చింది. రేపు పెట్టుకుందామనుకుంటున్నా. మనిషి ఎలాంటిది?"

"పని బాగా చేస్తుంది" అన్నాడు లెక్కలాయన. అక్కడ ఆపితే నిజమయ్యేది. "కాకపోతే పోయేటప్పుడు తాళం వేసుకుని పోతుంది. చూసుకో" అని కలిపాడు.

"అలాగా" అన్నాడు అవతలాయన. మర్నాడు ఎదురు షాపులో ఆవిడ కనిపించలేదు.

కంప్యూటర్లు బాగుచేసే అతను వచ్చి, కుర్చీ తిప్పుకుని కూర్చుని, తన పెట్టెలోంచి చిన్న డ్రైవ్ తీసి పెట్టాడు. తెర మీద అంకెలు జలజలా రాలాయి. అతను వాటినే చూస్తూ పళ్లు కుట్టుకున్నాడు.

"నాలుగంకెల తాళమైతే మీరు టీ తాగి వచ్చేలోపు విరిగేది సార్. బండి నంబరు మొత్తం అంటున్నారు. అక్షరాలూ అంకెలూ కలిసి ఇంత పొడుగుంటే, ఇది తిరుగుతూనే ఉంటుంది. నెలలు పట్టొచ్చు."

"నాకున్నది వారం."

"వేసినవాళ్లని అడగండి మరి. చుట్టరికమే కదా?"

"జీతం చుట్టరికం. అయిపోయింది."

అతను నవ్వి ఫీజు పుచ్చుకుని పోయాడు.

లెక్కలాయన చొక్కా చేతులు మడిచాడు. షాపు పెట్టిన కొత్తలో ఆయన కూడా రంగులు కలిపినవాడే. ఆసుపత్రి కింది గోడ నుంచి గోరంత పెచ్చు ఊడబెరికించి తెప్పించాడు. లేతాకు రంగు, అందులో ఎక్కడో బూడిద నీడ. కౌంటరు మీద పెచ్చు పెట్టి, బేసు డబ్బా విప్పి, పచ్చ స్టెయినరు పోసి, పసుపు పోసి, నల్ల చుక్క తగిలించి, గిలక్కొట్టే మిషనులో బిగించాడు. డబ్బా దడదడలాడి ఆగింది. కర్ర ముంచి అట్టముక్క మీద రాసి, ఎండలో ఆరబెట్టి, పెచ్చు పక్కన పెట్టాడు. పచ్చ ఎక్కువైంది. ఇంకోటి. ఈసారి పసుపు. తర్వాత నలుపు. సాయంత్రానికి కౌంటరు నిండా అట్టముక్కలు, ఒకదానికొకటి దాయాదుల్లా, పోలిక ఉండీ ఏదీ అది కాకుండా.

అన్నిటికంటే దగ్గరగా వచ్చినదాన్ని ఒక డబ్బా కలిపి పంపాడు. మర్నాడు పెద్ద మేస్త్రీ స్వయంగా వచ్చాడు.

"మెట్ల దగ్గర ఒక బారెడు కొట్టి చూశాం సార్. చొక్కాకి మోచేతి దగ్గర అతుకు వేసినట్టుంది."

"ఆరితే కలుస్తుందేమో."

"ఆరాకే చెప్తున్నా. కాంట్రాక్టరు చూసి ఎదురు షాపు ఫోను నంబరు అడిగాడు. ఎల్లుండి పొద్దుటికి అసలు రంగు రాకపోతే గీకించేస్తానంటున్నాడు."

లెక్కలాయన అట్టముక్కలన్నీ పోగుచేసి, పేకముక్కల్లా సరిచేసి పక్కన పెట్టాడు. ఓడిపోయానని ఆయన మొహంలో లేదు. "ఇంకో దారి చూస్తా" అన్నాడు.

పెద్ద మేస్త్రీ వెళ్లలేదు. తలపాగా విప్పి మళ్లీ చుట్టాడు. "ఆవిణ్ణి పిలవకూడదా సార్? రానంటే అప్పుడు అందాం ఏమనాలో."

లెక్కలాయన ఆలోచించాడు. పిలిస్తే తగ్గినట్టు. పిలవకపోతే భవనం పోయినట్టు. తగ్గడానికి రసీదు ఉండదు. "పిలువు" అన్నాడు.

ఆవిడ ఆ సాయంత్రమే వచ్చింది. పెయింటర్లు పని దిగి టీకొట్టు దగ్గర చేరే వేళ. షాపు గడప అవతలే ఆగింది.

"తెరుస్తాను సార్. కానీ వీళ్లందరూ చూస్తుండగా తెరుస్తాను. మీరు అన్నది వీళ్ల ముందే కదా."

ఎవరు చెప్పారని ఆయన అడగలేదు. బావమరిది గాజు తలుపు తెరిచి పట్టుకున్నాడు. పెయింటర్లు గ్లాసులతోనే వచ్చి తలుపు దగ్గర కిక్కిరిశారు. పెద్ద మేస్త్రీ ముందు నిలబడ్డాడు.

కుర్చీ చూపించినా ఆవిడ కూర్చోలేదు. నిలబడే, ఒక పక్కకి తిరిగి, కీబోర్డు మీదకి వంగింది. కుడి చెయ్యి మోచేతి దగ్గర మడిచి, వేళ్లు విడదీసి, బట్టలకి తగలకుండా ఎడంగా పెట్టింది. ఎడమ చెయ్యి ఒక్కటే మీటల మీదకి పోయింది. చూపు తెర మీదే. వేళ్లు ఎక్కడా తడుముకోలేదు. కింద మూడు అక్షరాలు, పై వరసలో అంకెలు, చిటుకు చిటుకుమని ఒకే దమ్ములో కొట్టి, బొటనవేలు పక్కకి చాచి పెద్ద మీట నొక్కింది.

తప్పు.

ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి. మళ్లీ కొట్టింది. తప్పు. ఈసారి కీబోర్డు వంక చూస్తూ నెమ్మదిగా కొట్టింది. కుడి చెయ్యి మాత్రం అలాగే గాల్లో ఉంది. తప్పు.

ఎవరో దగ్గారు. బావమరిది ముసిముసిగా నవ్వాడు. "బండి నంబరే మారిపోయిందేమో, ఆర్టీవోని అడుగుదామా అక్కా?"

పెద్ద మేస్త్రీ తల దించుకున్నాడు. ఆయన నవ్వి ఉంటే ఆవిడకి ఇంత బాధ ఉండేది కాదేమో.

"ఇదే సార్" అంది. గొంతు ఎత్తలేదు. "రోజూ ఇదే కొట్టాను."

"చూశారుగా అందరూ" అన్నాడు లెక్కలాయన.

ఆవిడ బయటికి పోతూ, అరలో లేబులు గోడవైపు తిరిగి ఉన్న డబ్బా ఒకటి కనిపిస్తే, ఆగి దాన్ని ఇటు తిప్పి పెట్టి వెళ్లిపోయింది. అది చెయ్యి అలవాటు. మనసు అక్కడ ఉన్నట్టు లేదు.

తను గెలిచాడు. అందరి ముందూ గెలిచాడు. ఆ గెలుపు పట్టుకుపోయి ఆసుపత్రి గోడకి పూయడం కుదరదన్న సంగతి ఇంటికెళ్లాక తోచింది.

మర్నాడు మధ్యాహ్నం అన్నం దగ్గర కూర్చున్నా ఆయన మాట్లాడలేదు. భార్య వడ్డిస్తూ రెండుసార్లు పలకరించి, మూడోసారి ఎదురుగా కూర్చుంది. ఆవిడ మాట్లాడితే జమాఖర్చుల్లో తప్పు పట్టుకున్నట్టే ఉంటుందని ఆయనకి కొంచెం భయం.

"ఏంటండీ, ముద్ద చేతిలో పెట్టుకుని ధ్యానం?"

"నిన్న వచ్చింది. కొట్టింది. తెరుచుకోలేదు. అబద్ధం అని తేలిపోయింది. అయినా ఎక్కడో కుదరట్లేదు."

"ఎక్కడ?"

"ఇలా నిలబడింది." ఆయన కుడి చెయ్యి ఎత్తి, వేళ్లు విడదీసి, పక్కకి పట్టుకుని చూపించాడు. "ఇలా పెట్టుకుని ఎడమచేత్తో కొట్టింది."

"చెయ్యి కాలిందా ఏంటి ఆవిడకి?"

"కాలలేదు. కౌంటరు దగ్గర ఎప్పుడూ అంతే. కుడి చెయ్యి రంగుకి, ఎడమ చెయ్యి కంప్యూటరుకి. కీబోర్డంతా రంగు పూస్తున్నావని నేనే ఒకసారి గట్టిగా అరిస్తే..."

చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

నిన్న ఆవిడ కుడిచేతికి రంగు లేదు. కడిగిన చెయ్యి. అయినా ఎడంగా పట్టుకుంది. మోసం చేయడానికి వచ్చిన మనిషైతే ఏదో ఒకటి కొట్టి, లేదంటే తెలివిగా తడబడి, చెయ్యి ఎటు పెట్టుకుందో మర్చిపోయేది. ఆవిడ కొట్టింది రోజూ కొట్టిందే. వేళ్లు అబద్ధం చెప్పలేదు. బండి నంబరూ మారలేదు, బయట నిలబడే ఉంది. రెండు పద్దులూ సరిగ్గా ఉన్నాయి, మొత్తం మాత్రం తేడా వస్తోంది. అలాంటప్పుడు తేడా మూడోచోట ఉండి తీరాలి.

"కీబోర్డు" అన్నాడు.

"చెయ్యి కడుక్కుని వెళ్లండి" అంది భార్య.

ఆవిడ పోయాక కొత్త కంప్యూటరు కొన్నప్పుడు పాతది మార్పిడిలో పోయింది. ఫైలుని కంప్యూటరు షాపువాళ్లే తెరవకుండా దాన్నుంచి దీంట్లోకి ఎక్కించారు. పాత కీబోర్డు మాత్రం, 'ఇంత రంగు పట్టిందాన్ని ఎవరు కొంటారు' అని వాళ్లే వెనక్కి ఇచ్చేశారు. లెక్కలాయన దేన్నీ పారేసే మనిషి కాదు. షాపుకొచ్చి, కౌంటరు కింద చెయ్యి పెట్టి వెతికాడు. తడి మూతలు ఆరబెట్టడానికి బావమరిది దాన్ని పీటలా వాడుతున్నాడు. బావమరిది డెలివరీకి పోయాడు. ఎండకి వీధి నిద్రపోతోంది.

మూతలు తీసి, తిన్నరు గుడ్డతో వైరు కొస తుడిచి, కీబోర్డుని కొత్త కంప్యూటరుకి తగిలించాడు. ఖాళీ షీటు ఒకటి తెరిచాడు. అందులోనైతే కొట్టింది కంటికి కనబడుతుంది. నిలబడి, పక్కకి తిరిగి, కుడి చెయ్యి ఎడంగా పెట్టి, ఎడమచేత్తో బండి నంబరు కొట్టాడు.

మూడు అక్షరాలు పడ్డాయి. అంకెలు పడ్డాయి. మధ్యలో ఏడు పడలేదు.

మళ్లీ నొక్కాడు. ఏడు మీట కిందికి దిగుతోంది, పైకి లేస్తోంది. తెర మీద మాత్రం ఏమీ లేదు. బలంగా నొక్కాడు. గుద్దాడు. లేదు. కుడివైపు విడిగా ఉండే అంకెల గుంపులో ఏడు నొక్కితే పడింది. పగలంతా కుడిచేతికి తడి రంగు ఉంటుంది గనక ఆవిడ ఎడమచేత్తో ఫైలు తెరిచి చూసుకునేది మాత్రమే. లెక్కలు ఎక్కించేది సాయంత్రం, చేతులు కడుక్కుని, కుడివైపు గుంపుతో. పై వరసలో ఏడు చచ్చిపోయిన సంగతి ఆవిడకి తెలిసే వీలే లేదు. తాళం కొట్టేటప్పుడు తెర మీద పడేవి చుక్కలేనాయె. చుక్కలు ఎవరు లెక్కపెడతారు?

ప్లాస్టిక్ తొడుగు ఒక అంచున పట్టి ఎత్తాడు. ఏడు మీట చుట్టూ తెల్ల ప్రైమరు పెచ్చుకట్టి రాయిలా ఉంది. ఎప్పటిదో.

ఎప్పటిదో ఆయనకి గుర్తొచ్చింది. "ఒక కీబోర్డు ఇప్పించండి సార్, మీటలు పట్టేస్తున్నాయి" అని అడిగింది ఆవిడ. "నడుస్తోందిగా. పైన తొడుగు వేసుకో" అన్నాడు తను. తొడుగు ఆవిడే తెచ్చుకుని వేసుకుంది. తాళం పెట్టించింది ఆ తర్వాతే.

కొత్త కీబోర్డు తగిలించి, బండి నంబరు ఏడు వదిలేసి కొట్టాడు. ఫైలు తెరుచుకుంది.

ఆసుపత్రి వరండా వరస దొరికింది. పచ్చ ఇంత, పసుపు ఇంత, నలుపు బదులు గోధుమ రంగు స్టెయినరు చిటికెడంత. బూడిద నీడ నలుపు వల్ల కాదు మరి. ఒక డబ్బా కలిపి, గిలక్కొట్టించి, అట్టముక్క మీద రాసి ఆరబెట్టి పెచ్చు పక్కన పెట్టాడు. ఏది పెచ్చో ఏది అట్టో వేలితో తడిమి చూసుకోవాల్సి వచ్చింది. బావమరిది తిరిగొచ్చేసరికి మిషను ఆగకుండా దడదడలాడుతోంది.

"ఎలా తెరిచావు బావా?"

"తెరుచుకుంది. మూతలు బిగించు."

డబ్బాలు గడువులోపే గేటు దాటాయి. పై వరండా, కింది వరండా మెట్ల దగ్గర అతుకు తెలియకుండా కలిశాయి. చూడ్డానికొచ్చిన పెద్దవాళ్లు గోడల సంగతే ఎత్తలేదు. రంగుల పనిలో అంతకన్నా మెప్పు ఉండదు. కాంట్రాక్టరు రెండో భవనం మాట తనే ఎత్తాడు.

"మొత్తానికి రిపేరతను విరగ్గొట్టాడన్నమాట" అన్నాడు పెద్ద మేస్త్రీ, ఖాళీ డబ్బాలు దించుతూ. లెక్కలాయన అవుననలేదు, కాదనలేదు. ఏమీ అనకపోవడం ఆయన దృష్టిలో ఖర్చు లేని పని.

ఆ సాయంత్రం భార్యకి జరిగిందంతా చెప్పాడు. కీబోర్డు సంగతి చెప్పేటప్పుడు నవ్వాడు కూడా. ఆవిడ బట్టలు మడత పెడుతూ విన్నది.

"అయితే తాళం ఎవరూ మార్చలేదు."

"ఎవరూ మార్చలేదు."

"ఆ సంగతి ఆవిడకి చెప్పారా?"

"ఇంకా లేదు."

"టీకొట్టు దగ్గర?"

"ఇప్పుడు దాని గురించి ఎవరడుగుతున్నారు?"

"నేను అడుగుతున్నాను కదండీ."

ఆయన లేచి వసారాలోకి వెళ్లి కూర్చుని లెక్క వేశాడు. చెప్తే పెయింటర్లు నవ్వుతారు. కీబోర్డు కొనని పిసినారి అని రేపటికల్లా వీధి చివరిదాకా పాకుతుంది. ఎదురు షాపాయన ముందు మాట తేలికైపోతుంది. పైగా చేతులారా పని తెలిసిన మనిషిని అటు పంపినట్టు. చెప్పకపోతే పోయేదేమీ లేదు. ఎన్నిసార్లు వేసినా చెప్పకపోవడమే లాభంగా తేలింది. అదే ఆయనకి నచ్చలేదు. ఇన్నేళ్ల వ్యాపారంలో, అంతా ఒకవైపే లాభం చూపించిన లెక్క దేన్ని తవ్వినా, ఎక్కడో ఒక అంకె పడకుండా పోయే ఉండేది.

పొద్దున్నే టీకొట్టుకి పాత కీబోర్డు చంకలో పెట్టుకుని వెళ్లాడు. బావమరిది వెనకాల ఇంట్లో ఉన్న పాత ల్యాప్‌టాప్ మోసుకొచ్చాడు. పెయింటర్లు ఒకరినొకరు చూసుకున్నారు.

"ఏంటి సార్, ఇక్కడే షాపు పెట్టేస్తారా? అద్దె కలిసొస్తుందనా?" అన్నాడొకడు.

"రా మేస్త్రీ" అన్నాడు లెక్కలాయన. "మన బండి నంబరు తెలుసుగా? కొట్టు. నిదానంగా."

పెద్ద మేస్త్రీ చొక్కాకి వేళ్లు తుడుచుకుని, కళ్లు చికిలించి, ఒక్కొక్కటే నొక్కాడు. వెనక ఇద్దరు ముగ్గురు తలలు చేర్చారు.

"ఏడు పడలేదు సార్."

"మళ్లీ నొక్కు."

"పడట్లేదు."

"తాళం పెట్టిన రోజూ పడలేదు. రోజూ తెరిచినప్పుడూ పడలేదు. కొత్త కీబోర్డులో పడింది, అందుకే తెరుచుకోలేదు. ఆవిడ ఏమీ మార్చలేదు. ఈ కీబోర్డు మార్చమని నన్ను అడిగింది. నేను మార్చలేదు." ఆయన గొంతు సవరించుకున్నాడు. "అన్నది మీ ముందు కాబట్టి మీ ముందే చెప్తున్నా. నేనన్నది తప్పు."

ఎవడో వెనక నుంచి, "అంటే ఆర్టీవో దగ్గరికి పోవక్కర్లేదన్నమాట" అన్నాడు. బావమరిది చెవులు ఎర్రబడ్డాయి. అందరూ నవ్వారు. పెద్ద మేస్త్రీ కూడా నవ్వాడు. తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు.

లెక్కలాయన అక్కణ్ణించి తిన్నగా రోడ్డు దాటాడు. ఎదురు షాపాయన కౌంటరు వెనక నుంచి లేచి నిలబడ్డాడు, ఎవరు పోయారోనని.

"ఆవిడ గురించి ఆరోజు నేను చెప్పినదాంట్లో మొదటి మాట ఒక్కటే నిజం. పని బాగా చేస్తుంది. రెండోది కొట్టెయ్యి."

"నీ నోటితో నువ్వు కొట్టేసుకోవడం మొదటిసారి చూస్తున్నా" అన్నాడు ఆయన. అప్పుడే ఫోను తీశాడు.

మర్నాటి నుంచి షేడక్క ఎదురు షాపులో చేరింది. సాయంత్రం గిరాకీ తగ్గాక లెక్కలాయన మళ్లీ రోడ్డు దాటాడు. ఆవిడ చేతులు కడుక్కుంటోంది. ఆయన్ని చూసి కుళాయి కట్టేసింది.

"మేస్త్రీ చెప్పాడు సార్" అంది. "నాకూ తెలియలేదు. ఏడు పడట్లేదని."

"నీకు తెలియడానికి వీల్లేదు. తెలియాల్సింది నాకు." ఆయన కౌంటరు అంచు పట్టుకున్నాడు. "మన షాపుకి వచ్చెయ్యమ్మా. కొత్త కీబోర్డు ఉంది. జీతం నువ్వు చెప్పు."

ఆవిడ తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకుంది. తొందర పడలేదు.

"ఇక్కడ కౌంటరు పక్కనే కుళాయి ఉంది సార్" అంది. "రెండు చేతులతో కొడుతున్నాను."

ఆయనకి అందులో బేరమాడే సందు దొరకలేదు. తల ఊపి ఇవతలికి వచ్చేశాడు.

షట్టరు దించే ముందు గాజు గదిలో కూర్చుని వారం లెక్క కట్టాడు. తెరుచుకునే ఫైలు ఒకటి. మెట్ల దగ్గర అతుకు లేని గోడ ఒకటి. రెండో భవనం, మాట వరకు. గోధుమ రంగు చిటికెడు సంగతి తెలిసిన బావమరిది, ఇవాళే జీతం అడిగాడు. కౌంటరు పక్కకి గొట్టం లాగడానికి ప్లంబరు రేపు వస్తాడు. ఖర్చు కింద రోడ్డు అవతలికి పోయిన మనిషి ఒకరు. ఆ పద్దు దగ్గర కలం కాసేపు ఆగి, మళ్లీ కదిలింది.

బయటికొచ్చి కొక్కెం అందుకుంటుంటే ఎదురుగా షేడక్క కూడా ఇంటికి బయల్దేరుతూ మెట్లు దిగుతోంది. ఆయన్ని చూసింది. ఆగి, వెళ్లొస్తానన్నట్టు కుడి చెయ్యి ఎత్తింది. దీపం వెలుగులో ఆ చేతికి ఎక్కడా రంగు లేదు. లెక్కలాయన షట్టరు వదిలేసి తనూ చెయ్యి ఎత్తాడు. ఆ ఒక్కటీ ఇటువైపు జమ వేసుకున్నాడు.